తరిగొండ వెంగమాంబ - కవితా ప్రస్థానం

మాటను, పాటను తానే కూర్చి పాడే కవిని మన పెద్దలు వాగ్గేయకారుడన్నారు. తాము రాసిన పాటకు తామే బాణీ కట్టి, ఇంటి గదిలోనే రికార్డు చేసి శ్రోతలకు అందించే స్వతంత్ర గాయకులు నేడు ఇటలీ మొదలుకొని అనేక దేశాలలో ఉన్నారు. రాజాస్థానాన్ని గాని, విద్వత్సభల మెప్పును గాని ఆశ్రయించక తన గొంతునే నమ్ముకొన్న అటువంటి సృజన, ఉమ్మడి చిత్తూరు జిల్లాలో రెండు శతాబ్దాలకు పూర్వమే వికసించింది. ఆ సృజనకు కర్త బాల్యంలోనే భర్తను కోల్పోయిన ఒక స్త్రీ. ఆమెయే తరిగొండ వెంగమాంబ.

వెంగమాంబ గుర్రంకొండ సమీపంలోని తరిగొండ గ్రామంలో సుమారు 1730లో జన్మించింది. తల్లిదండ్రులు మంగమాంబ, కృష్ణయ్య. నాటి ఆచారం ప్రకారం ఆమెకు చిన్నతనంలోనే వివాహమైంది. కొద్దికాలానికే భర్త మరణించాడు. వితంతువు శిరోముండనం చేయించుకోవాలని, శుభకార్యాలకు దూరంగా ఉండాలని సమాజం శాసించిన కాలమది. వేంకటేశ్వరుడే తన భర్త అని ప్రకటించి ఆమె ఆ ఆచారాన్ని నిరాకరించింది. పీఠాధిపతుల ఎదుట సైతం తన పక్షాన్ని ధైర్యంగా నిలుపుకొన్నదని సంప్రదాయ కథనం. ఎలా జీవించాలో తానే నిర్ణయించుకొన్న ఆమె, ఏమి పాడాలో కూడా తానే నిర్ణయించుకొన్నది.

తాను గురువు వద్ద ఓనమాలైనా దిద్దలేదని, ఛందోవ్యాకరణాలు ఎరుగనని వెంగమాంబ తన కావ్యాలలో చెప్పుకొన్నది. ఆమెకు పూర్వం మొల్ల కూడా ఇటువంటి మాటలే చెప్పింది. ఇది కేవలం వినయమని కొందరు భావింపవచ్చు. కాని స్త్రీలకు చదువు అందని ఆ రోజులలో ఈ మాటకు మరొక అర్థం కూడా ఉన్నది. పాఠశాల ఇవ్వని విద్యను ఆమె పురాణ శ్రవణం నుండి, భజనల నుండి, తన సాధన నుండి సంపాదించుకొన్నది. మదనపల్లెకు చెందిన సుబ్రహ్మణ్య దేశికుని వద్ద యోగమార్గాన్ని గ్రహించింది.

ఆమె రచనా క్రమాన్ని పరిశీలిస్తే ఎదుగుదల స్పష్టమవుతుంది. తొలిదశలో తరిగొండ నృసింహునిపై శతకం చెప్పింది. శతకంలో ఏ పద్యానికాపద్యమే స్వతంత్రం. కొత్తగా కలం పట్టిన కవికి అది అనువైన ప్రక్రియ. అనంతరం నృసింహ విలాస కథ, శివనాటకం వంటి యక్షగానాలు రచించింది. యక్షగానం చదువుకోవడానికే కాదు, ఆడి పాడడానికి కూడా ఉద్దేశించినది. రాగతాళాలతో కూడిన దరువులు, నడుమ పద్యాలు, వచనం ఉంటాయి. ఈ ప్రక్రియలో ఆమె పద్యానికి పాట తోడైంది. విష్ణుభక్తురాలై ఉండి శివుని కథను చేపట్టడం ఆమె హృదయ వైశాల్యానికి నిదర్శనం.

తరువాత ఆమె తిరుమల చేరింది. జనసమ్మర్దం, కొందరి విరోధం సాధనకు ఆటంకం కాగా, అడవి నడుమ నున్న తుంబురు కోనలో కొన్నేళ్లు ఏకాంతంగా తపస్సు చేసినదని ప్రతీతి. తిరుమల జీవితంలో ఆమె రచన విస్తృతిని, గాంభీర్యాన్ని సంతరించుకొన్నది. చెంచు నాటకం, ముక్తికాంతా విలాసం, ద్విపద భాగవతం, వాసిష్ఠ రామాయణం, శ్రీ వేంకటాచల మాహాత్మ్యం మొదలైన కృతులు వెలువడ్డాయి. ద్విపద రెండు పాదాల దేశి ఛందస్సు. పాల్కురికి సోమనాథుడు జనసామాన్యం కోసం ఎన్నుకొన్న ఈ ఛందస్సు పాడుకోవడానికి సులభం. వేదాంతాన్ని సైతం వెంగమాంబ ఆ సులభమైన నడకలో నడిపించింది. పండితులు ఆదరించే పద్యకావ్యాన్ని కూడా రచించి, రెండింటా తన సమర్థతను నిరూపించింది.

ఆమె స్వతంత్రతలో మరొక విశేషమున్నది. తిరుమలలో స్థిరపడినా స్వగ్రామ దైవాన్ని మరువలేదు. తరిగొండ నృసింహునికి, వేంకటేశ్వరునికి భేదం లేదని భావించింది. ఊరి పేరే ఆమె కవితాముద్ర అయింది.

వెంగమాంబ 1817లో పరమపదించింది. తిరుమలలో ఆమె బృందావనం ఉన్నది. శ్రీవారి ఏకాంత సేవలో తాళ్లపాక వారి లాలి పాట, తరిగొండ వారి ముత్యాల హారతి నేటికీ సాగుతున్నాయి. 2011లో ప్రారంభమైన తిరుమల అన్నప్రసాద భవనానికి ఆమె పేరు పెట్టారు. తలనీలాలు తీయించుకొమ్మని ఒకనాటి సమాజం శాసించిన స్త్రీ పేరిట, రాత్రి వేళ స్వామికి కడపటి హారతి అందుతున్నది. ఆ గౌరవం ఆమెకు పుట్టుకతో వచ్చినది కాదు. ఆమె పాట సంపాదించి పెట్టినది.