ఒంటరిగా సాధన చేసే యౌవనస్థులకు

అపొస్తలుల కార్యములు 20:13 దగ్గర మనలో చాలామంది ఆగరు. తోటివారందరూ ఓడలో సాగిపోగా పౌలు మాత్రము త్రోయ నుండి అస్సు వరకు కాలినడకనే వెళ్లాడు. దాదాపు 30 కిలోమీటర్లు. ఎందుకో లూకా వ్రాయలేదు. కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక ప్రకారము ఆయన ఒక రాత్రింబగళ్లు సముద్రములో కూడ గడిపాడు. ఇక సైకిలు ఒక్కటే తక్కువ!

ముద్దనూరు ప్రాంతపు యౌవనస్థుడొకడు ట్రయాథ్లాన్ పోటీకి సిద్ధపడుతున్నాడు. ఈత, సైకిలు, పరుగు మూడూ వరుసగా ఆగకుండా చేయాలి. 1974లో అమెరికాలోని శాన్ డియేగోలో మొదలైన ఈ ఆట 2000లో సిడ్నీ ఒలింపిక్సుకు చేరింది. అక్కడ ఈత 1.5 కిలోమీటర్లు, సైకిలు 40, పరుగు 10. సైకిలు దూరమంటే సుమారుగా ముద్దనూరు నుండి జమ్మలమడుగు పోయి రావడమే.

"అయ్యగారూ, నెల తిరిగేసరికి మనసు రావడం లేదు" అన్నాడు. తోడు వచ్చేవారు లేరు. "సైకిలు తొక్కితే జీతమిస్తారేమిరా?" అని ఇంటిలోనే ఎగతాళి.

ఉత్సాహము వచ్చాక లేద్దామనుకునేవాడు ఎన్నటికీ లేవడు. అందుకే గడియారము చూసి లేవమన్నాము. మన ఎండలకు 5 గంటలకే బయలుదేరాలి. చేసినంత నోటుపుస్తకములో వ్రాసుకోవాలి. మనసు రాని రోజున పది నిమిషాలే అనుకొని చెప్పులు విడిచి బూట్లు తొడుక్కుంటే చాలు, తరచుగా ఆ పది నిమిషాలే గంట అవుతాయి.

హైదరాబాదు నివాసి గోలి శ్యామలగారు పెద్దయ్యాకనే ఈత నేర్చుకున్నారు. నలభై దాటిన వయస్సులో, 2021 మార్చిలో, శ్రీలంక నుండి ధనుష్కోటి వైపు పాక్ జలసంధిని 13 గంటలకు పైగా ఈదారు. ఈదినది ఒంటరిగానే, కాని వెంట పడవ ఉంది. కాబట్టి బావిలోగాని మైలవరం జలాశయములోగాని ఒక్కడివే దిగవద్దని ఖండితముగా చెప్పాము.

ఆదివారము సంగతి కూడ వచ్చింది. ఇలాంటి పోటీలు ఎక్కువగా ఆదివారమే పెడతారు. జమ్మలమడుగు ఆసుపత్రిని నెలకొల్పిన లండన్ మిషన్ వారే తరువాత ఎరిక్ లిడెల్‌ను చైనాకు పంపారు. 1924 పారిస్ ఒలింపిక్సులో 100 మీటర్ల పరుగు ఆదివారమున పడిందని ముందే తెలిసి ఆయన దానిని విడిచిపెట్టాడు. నెలల తరబడి 400 మీటర్లకు సాధన చేసి, 47.6 సెకన్లలో బంగారు పతకము గెలిచాడు. 1945లో చైనాలోని జపానువారి నిర్బంధ శిబిరములో చనిపోయేవరకు అక్కడి పిల్లలకు ఆటలు నేర్పాడు.

పోటీ ఆదివారము వస్తే ఏమి చేయాలో ఇతడే ప్రార్థించి తేల్చుకోవాలి. మేము శాసించము. సాధన మాత్రము ఆ రోజు వద్దన్నాము. వారానికొక దినము విశ్రాంతి కండరాలకు కూడ కావాలి గదా! ఇందుకు వెంటనే ఒప్పుకున్నాడు. గట్టుమీద కూర్చోవడానికి తమ్ముణ్ణి పిలుచుకుంటాడట. అయితే ఆ తమ్ముడు 5 గంటలకు లేచే రకము కాదని వాళ్లమ్మ అంటున్నది.