మీకు తెలుసా? కుక్క తుంటి మార్పిడికీ ఓ లెక్కుంది!

జర్మన్ షెపర్డ్, లాబ్రడార్ లాంటి పెద్ద జాతి కుక్కల తుంటి కీలు బాగా అరిగిపోతే, మనుషులకు చేసినట్టే కృత్రిమ కీలు అమరుస్తారు. దానికి ముందు ఎక్స్‌రేలో తొడ ఎముక లోపలి బోలును కొలుస్తారు. పైన చిన్న బుడిపె దగ్గరి వెడల్పును, కింద అన్నిటికంటే ఇరుకైన చోటి వెడల్పుతో భాగిస్తారు. 1.8 లోపు వస్తే బోలు పొగగొట్టంలా తిన్నగా ఉన్నట్టు, 2.5 దాటితే పైన బాగా విచ్చుకున్నట్టు. జర్మన్ షెపర్డ్‌లలో మొదటి రకం తరచూ కనిపిస్తుంది, తంటా అంతా దానితోనే. సిమెంటు లేకుండా బిగించిన కృత్రిమ కీలు తాలూకు లోహపు కాడ అందులో కిందికి జారొచ్చు, ఎముక చీలనూ వచ్చు. కాడ సైజునూ ఎక్స్‌రే చూసే ఎంచుతారు, కానీ అందులో ఎముక అసలుకన్నా కాస్త పెద్దదిగా పడుతుంది. అందుకే సైజు తెలిసిన లోహపు గుండును తొడ ఎముక ఎత్తులోనే పక్కన పెట్టి తీస్తారు. కాలు కొంచెం మెలి తిరిగినా లెక్క తప్పుతుంది కనుక, కుక్కకు ముందే మత్తిస్తారు.