ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో ఇబ్బంది ఎదురైతే సహాయం పొందు విధానం

ఈ-పరిపాలనలో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యమివ్వాలని కేంద్ర ప్రభుత్వం 2015లో విధాన ప్రకటన చేసింది. ఆ విధానం కేంద్ర ప్రభుత్వ సంస్థలకు, దానిని స్వీకరించిన రాష్ట్రాలకు వర్తిస్తుంది. అయితే ఈ సాఫ్ట్‌వేర్ మొరాయించినప్పుడు ఎవరిని అడగాలన్న సందేహం సహజం. వీటి లైసెన్సులలో ఎటువంటి హామీ లేదని సాధారణంగా స్పష్టంగా వ్రాసి ఉంటుంది. హామీ లేనంత మాత్రాన సహాయం లేదని కాదు. కాకపోతే అది ఒకేచోట దొరకదు. కనుక లోపం ఎక్కడ ఉన్నదో ముందుగా తేల్చుకోవలసి ఉంటుంది.

ఉదాహరణకు, లిబ్రెఆఫీస్‌లో తెరచిన తెలుగు ఉత్తర్వు సరిగా కనిపించడం లేదనుకుందాం. తెలుగు అక్షరాలకు బదులు అర్థంలేని గుర్తులు వస్తే, ఆ ఫైలును అను వంటి యూనికోడేతర ఫాంట్లతో టైపు చేసి ఉండవచ్చు. అది సాఫ్ట్‌వేర్ లోపం కాదు; యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టరుతో పని జరుగుతుంది. ఒత్తులు, గుణింతాలు విడిపోయి కనిపిస్తే అదే పాఠాన్ని మరొక యూనికోడ్ ఫాంటులో చూడాలి. అందులో సరిగా ఉంటే లోపం మొదటి ఫాంటుదే. దాని రూపకర్తలకు తెలియజేయాలి. ఏ ఫాంటులోనూ కుదరక, ఇతర ప్రోగ్రాములలో మాత్రం బాగుంటే లిబ్రెఆఫీస్ వారిని అడగాలి. 2017లో విడుదలైన 5.3 వెర్షన్ నుండి అక్షరాల కూర్పుకు అన్ని ఆపరేటింగ్ సిస్టములలోను హార్ఫ్‌బజ్ అనే ఒకే భాగం పనిచేస్తున్నది. అంతకు పూర్వపు వెర్షన్లు వాడేవారు ముందుగా కొత్త వెర్షన్‌కు మారడం మంచిది.

ప్రోగ్రాము తరచు ఆగిపోతుంటే ‘సహాయం’ మెనూ ద్వారా సేఫ్ మోడ్‌లో తిరిగి ప్రారంభించి చూడాలి. అప్పుడు బాగా నడిస్తే వాడుకరి అమరికలు దెబ్బతిన్నట్లు భావించవచ్చు. వాటిని అక్కడే సరిచేసుకోవచ్చు.

లిబ్రెఆఫీస్ వాడుకపై ప్రశ్నలకు ‘ఆస్క్ లిబ్రెఆఫీస్’, లోపాల నమోదుకు డాక్యుమెంట్ ఫౌండేషన్ వారి బగ్‌జిల్లా ఉన్నాయి. ఉబుంటుకు ‘ఆస్క్ ఉబుంటు’ ఉండగా, కెనానికల్ సంస్థ రుసుముపై సేవలందిస్తున్నది. బాస్ లినక్స్ వాడే కార్యాలయాలు దానిని రూపొందించిన సి-డాక్‌ను సంప్రదించాలి. తెలుగు స్థానికీకరణ విషయంలో హైదరాబాదులోని ‘స్వేచ్ఛ’ సంస్థ కృషి చేస్తున్నది.

‘పనిచేయడం లేదు’ అన్న ఒక్క మాటకు ఎవరూ సమాధానం చెప్పలేరు. వెర్షన్ సంఖ్య, ఆపరేటింగ్ సిస్టమ్, తెరపై వచ్చిన సందేశం యథాతథంగా, లోపం తిరిగి కనబడేందుకు చేయవలసిన పనుల క్రమం తెలుపవలసి ఉంటుంది. జవాబిచ్చేవారిలో అనేకులు జీతం లేని స్వచ్ఛంద సేవకులు గనుక గడువు విధించి అడగడం తగదు. ఒక్కరోజు కూడా పని ఆగరాదనుకునే కార్యాలయాలు రుసుముతో కూడిన సహాయ ఒప్పందం చేసుకోవడమే మేలు. లైసెన్సుపై మిగిలిన సొమ్ములో కొంత ఇందుకు కేటాయించడం దుబారా కాదు.

బగ్‌జిల్లాలో జతచేసిన ఫైలును సాధారణంగా ప్రపంచంలో ఎవరైనా చూడగలరు. కావున లబ్ధిదారుల జాబితాలు, ఆధార్ సంఖ్యలు, రహస్య ఫైళ్ళు, వాటి స్క్రీన్‌షాట్లు ఎట్టి పరిస్థితులలోను పంపరాదు. అదే లోపం కనిపించే రెండు పంక్తుల కల్పిత పత్రాన్ని కొత్త ఫైలులో తయారుచేసి పంపాలి. వార్తాధారాల వివరాలున్న ఫైళ్ళ విషయంలో పాత్రికేయులకూ ఇదే జాగ్రత్త అవసరం. భద్రతా లోపం కనుగొన్నవారు బహిరంగంగా ప్రకటించక, ఆ ప్రాజెక్టు భద్రతా బృందానికి నేరుగా తెలియజేయాలి. ప్రభుత్వ వ్యవస్థలపై సైబర్ దాడి జరిగినట్లు గమనిస్తే, 2022 ఏప్రిల్ నాటి ఆదేశాల ప్రకారం 6 గంటలలోగా సెర్ట్-ఇన్‌కు నివేదించడం తప్పనిసరి.