పెరట్లో చిన్న కొట్టం: మనమే కడదాం!

శ్రావణ మాసం. నాలుగు రోజులుగా ముసురు పట్టింది. మధ్యాహ్నం కాస్త తెరిపి ఇచ్చింది. యాసంగి కోసం దాచిన విత్తనాల బస్తాను గోడవారనుంచి కదిలించారు. పైన పొడిగానే ఉంది. అడుగు మాత్రం తడిసి, ముక్క వాసన వేస్తోంది. చూరు నుంచి ఒక్క చుక్క కూడా బస్తా మీద పడలేదు. మరి తడి ఎక్కడి నుంచి వచ్చింది?

నేలలోనుంచి వచ్చింది! నమ్మకం లేకపోతే ఈ చిన్న ప్రయోగం చేసి చూడండి. ఒక పళ్లెంలో వేలి మందాన నీళ్లు పోసి, అందులో ఎండిన ఇటుకను నిలబెట్టండి. కొద్దిసేపటికల్లా తడి మరక ఇటుక మీద పైకి పాకడం మీకే కనిపిస్తుంది. ఇటుకలోని సన్నని రంధ్రాలు దీపపు వత్తి నూనెను పీల్చినట్టే నీటిని పైకి లాగుతాయి. దీన్నే కేశనాళికీయత అంటారు. మట్టి నేల, బస్తా గోనె చేసే పనీ ఇదే.

విత్తనపు వడ్లలో తేమ 13 శాతం మించకూడదు. మించితే మొలకెత్తే శక్తి తగ్గుతుంది, బూజు పడుతుంది. మిరపకాయల మీద, వేరుశనగ మీద ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పెరిగితే అఫ్లటాక్సిన్ అనే విషం తయారవుతుంది. అది కాలేయానికి హాని చేస్తుంది. వండినా పూర్తిగా పోదు. కాబట్టి ఒక తడి బస్తా అంటే ఒక బస్తా నష్టంతో పోయేది కాదు.

మంచె నేర్పే పాఠం

ఖమ్మం నుంచి వైరా మీదుగా సత్తుపల్లి వెళ్లే దారిలో తల్లాడ కూడలి వస్తుంది. అక్కడ చీలిన దారి కొత్తగూడెం వైపు, భద్రాచలం అడవుల వైపు పోతుంది. ఆ దారి పక్క చేలల్లో మంచెలను మీరు చూసే ఉంటారు. నాలుగు కాళ్ల మీద నిలబడ్డ ఆ మంచెకు నేల తడి అంటదు. మన కొట్టాన్ని కూడా అలాగే నేలకు దూరంగా కడదాం. అప్పుడు తడి, చెద, ఎలుక మూడింటికీ ఒకేసారి అడ్డం వేసినట్టవుతుంది. కింద ఊడ్చుకోవడానికి వీలుంటుంది కనుక ఎలుకల కోసం వచ్చే పాములకూ దాగే చోటు దొరకదు.

మూలలు కుదరాలి

కొట్టం పొడవు 2 మీటర్లు, వెడల్పు 1.5 మీటర్లు అనుకుందాం. నాలుగు మూలల్లో మేకులు పాతి తాడు కట్టండి. ఇప్పుడు ఎదురెదురు మూలల మధ్య దూరం కొలవండి. సరిగ్గా 2.5 మీటర్లు రావాలి. ఎందుకో చెప్పగలరా? 1.5, 2, 2.5 అనేవి 3, 4, 5లో సగాలు. మీరు లెక్కల పుస్తకంలో చదివిన పైథాగరస్ సూత్రమే ఇది! రెండు కర్ణాలూ సమానంగా రాకపోతే మేకులు సర్దండి. ఇక్కడ బద్ధకిస్తే తలుపు ఎన్నటికీ కుదరదు.

కాళ్లు, వాటికి గొడుగులు

కాళ్లకు కర్రకన్నా రాతి కడీలు మేలు. రాయి కుళ్లదు, చెద తినదు. మూలకొక కడీని అర మీటరు లోతున పాతి, మీటరు ఎత్తు పైకి ఉంచండి. కడీలు బరువైనవి కనుక వాటిని నిలబెట్టే పని పెద్దలదే.

ఎలుక చాలా ఎత్తు దూకగలదు, గరుకు రాతిని పట్టుకుని ఎక్కనూ గలదు. అందుకే ప్రతి కడీ తల మీద 65 సెంటీమీటర్ల చదరపు రేకు పరచండి. 15 సెంటీమీటర్ల కడీకి అన్ని వైపులా 25 సెంటీమీటర్లు గొడుగులా బయటికి వస్తుంది. పాకి వచ్చిన ఎలుక రేకు అడుగున తలకిందులుగా నడవలేక ఆగిపోతుంది. రేకు అంచులు కోసుకోకుండా కిందికి మడవడం మరచిపోకండి.

ఈ ఉపాయం మనకొక్కరికే తట్టిందనుకోకండి. ఇంగ్లండులో పాత ధాన్యపు కొట్లను పుట్టగొడుగు ఆకారపు రాళ్ల మీద నిలిపారు. స్పెయిన్‌లోని గలీసియా రైతులు కూడా రాతి కాళ్ల మీద వెడల్పాటి పలకలు పెట్టి గాదెలు కట్టారు. మెట్లను గాదెకు తగలకుండా ఎడంగా ఉంచారు. మీరూ నిచ్చెనను పని కాగానే తీసేయండి. లేకపోతే ఎలుకకు మనమే దారి వేసినట్టు!

అరుగు, గోడలు

కడీల మీద తాటి దూలాలు చట్రంలా వేసి, గాలివానకు లేచిపోకుండా ఇనుప తీగతో కడీలకు బిగించండి. చట్రం మీద అడుగుకొకటి చొప్పున అడ్డ వాసాలు, వాటి మీద వెదురు బద్దలు పరచండి. 75 కిలోల బస్తాలు నాలుగు పెడితే 300 కిలోలు. సమంగా సర్దితే ఒక్కో కాలి మీద 75 కిలోల బరువే పడుతుంది. అన్నీ ఒక మూలకే పెడితే ఏమవుతుందో ఆలోచించండి.

పచ్చి వెదురును వెంటనే వాడవద్దు. అందులోని పిండిపదార్థం కోసం పురుగు తొలుస్తుంది. కొన్ని వారాలు నీటిలో నానబెడితే ఆ పిండిపదార్థం చాలావరకు పోతుంది. తరువాత నీడలో ఆరబెట్టాలి. అడవి వెదురును అనుమతి లేకుండా నరకకూడదు. అడవి బయట, సొంత చేలల్లో పెరిగిన వెదురును మాత్రం 2017లో చట్టం మార్చి ‘చెట్టు’ అనే నిర్వచనం నుంచి తొలగించారు.

నాలుగు పుల్లలతో చదరం కట్టి పక్కకు నొక్కండి, ఒరిగిపోతుంది. మూలకు మూలకు ఐదో పుల్ల కడితే కదలదు. త్రిభుజానికి ఉన్న బలం అది. కాబట్టి ప్రతి గోడ చట్రంలోనూ ఏటవాలుగా ఒక వెదురు బిగించండి.

తడికల గోడలకు పూసే మట్టిలో తరిగిన గడ్డి, పేడ కలపండి. గడ్డి ఎందుకు? ఒకే మట్టితో రెండు బిళ్లలు చేసి, ఒకదానిలో గడ్డి కలిపి ఎండబెట్టి చూడండి. మట్టి ఎండుతూ కుంచించుకుంటుంది. గడ్డి లేని బిళ్ల పెద్దగా పగులుతుంది. గడ్డి కలిపినదానిలో పోచలు మట్టిని పట్టి ఉంచుతాయి. గోడ పైన చూరు కింద జానెడు సందు వదిలి ఇనుప జాలీ బిగించండి. లోపలి తేమ గాలితోపాటు బయటికి పోవాలి కదా!

కప్పు

నాలుగు వైపులా అర మీటరు చూరు వదిలితే కప్పు 3 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు మేర కమ్ముతుంది. అంటే 7.5 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. ఖమ్మం ప్రాంతంలో ఏడాదికి సుమారు 1,000 మిల్లీమీటర్లు పడుతుంది. మన చిన్న కప్పు మీద 7,500 లీటర్లు, అంటే 15 లీటర్ల బిందెలు 500 పడతాయన్నమాట!

తాటాకు కప్పుకు 45 డిగ్రీల వాలు ఇవ్వండి. నీరు ఆకు నుంచి ఆకుకు జారిపోవాలి. వాలు తక్కువైతే నిలిచి ఇంకుతుంది, ఆకు కుళ్లుతుంది. చూరు నీరు కడీల మొదట్లో నిలవకుండా చుట్టూ చిన్న కాలువ తీయండి.

కత్తి, గడ్డపార వాడేటప్పుడు పెద్దవాళ్లు పక్కన ఉండాలి. కట్టడం పూర్తయ్యాక నెలకోసారి వంగి కడీలను చూడండి. వాటి మీద సన్నని మట్టి గొట్టం కనిపిస్తే అది చెద వేసుకున్న దారి. రాయిని తినలేకపోయినా దాని మీదుగా పైకి ఎక్కగలదు! వెంటనే గీకేయండి. వచ్చే శ్రావణంలో ముసురు పట్టినప్పుడు బస్తా అడుగున చేయి పెట్టి చూడండి. పొడిగా తగిలితే మీ కొట్టం పరీక్ష నెగ్గినట్టే.