బొడిపెల లెక్కలో కంప్యూటర్ పెట్టె

సీటీసీలో క్యాబినెట్ అడిగితే కొట్టు కుర్రాడి నోట ముందు వచ్చే మాట, "ఏ బోర్డుకి సార్?" పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌నే సికింద్రాబాద్‌లో అందరూ సీటీసీ అంటారు. విడిభాగాలు కొని సిస్టమ్ కట్టించుకునేవాళ్లకు అది పుట్టిల్లు. కుర్రాడి ప్రశ్నలోనే అసలు సంగతంతా ఉంది. క్యాబినెట్ అంటే బోర్డు కొలతలకు కుట్టిన చొక్కా. ఆ చొక్కాని ఇంట్లో పిల్లల లెగో ఇటుకలతోనూ కుట్టుకోవచ్చు.

వినడానికి ఆటలా ఉంటుంది గానీ, గూగుల్ తొలి రోజులు ఇలాంటి పెట్టెలోనే గడిచాయి. 1996లో స్టాన్‌ఫర్డ్‌లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 4 గిగాబైట్ల డిస్కులు పది తెచ్చి, పిల్లలు ఆడుకునే పెద్ద ప్లాస్టిక్ ఇటుకల మధ్య అమర్చారు. 2012లో ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో సైమన్ కాక్స్ బృందం రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డులు 64 కలిపి ఒక బుల్లి సూపర్‌కంప్యూటర్ చేస్తే, వాటిని నిలబెట్టే లెగో అరల పనిలో ఆయన ఆరేళ్ల కొడుకూ చెయ్యి వేశాడు.

మనమూ ఆ పై బోర్డుతోనే మొదలెడదాం. ఇక్కడ టేపు పక్కన పెట్టి ఇటుకల మీది బొడిపెలు లెక్కపెట్టాలి. ఒక బొడిపె నుంచి పక్క బొడిపెకు సరిగ్గా 8 మిల్లీమీటర్లు. బోర్డు పొడవు 85 మిల్లీమీటర్లు, అంటే 11 బొడిపెల చోటు కావాలి. వెడల్పు 56, లెక్క ప్రకారం ఏడు చాలు. కానీ చాలకపోతే గీరుకునేది బోర్డే, అందుకని ఎనిమిది వదలండి. ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు, గోడకు మూడు వరసలు సరిపోతాయి. మేస్త్రీ అతుకు మీద అతుకు రానివ్వడు చూశారా, ఇక్కడా అంతే. జిగురుతో పనే ఉండదు.

బోర్డులో నాలుగు రంధ్రాలుంటాయి. వాటిలో బొడిపెలు దూర్చేద్దామని ఎవరికైనా అనిపిస్తుంది, నాకూ అనిపించింది. రంధ్రం 2.7 మిల్లీమీటర్లు, బొడిపె 4.8. రంధ్రాన్ని పెద్దది చేయబోతే పక్కనున్న రాగి దారులు తెగుతాయి. దానికన్నా నాలుగు మూలలా చిన్న ఇటుకల మీద బోర్డును ఆనించి, అంచులను పైనుంచి ఇంకో ఇటుకతో పట్టించడం మేలు. కదులుతుంటే పాత సైకిల్ ట్యూబు ముక్క సందులో పెడితే సరి.

ఇక వేడి. ప్లాస్టిక్‌లోంచి వేడి సులువుగా బయటికి పోదు. ఇనప రేకు డబ్బాకు ఉన్న ఆ సుగుణం దీనికి లేదు. చిప్పు 80 డిగ్రీలు దాటుతుంటే పై బోర్డు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మన మే నెలలో గదే కుంపటిలా ఉంటుంది కాబట్టి అక్కడికి చేరడానికి ఎంతోసేపు పట్టదు. కింద ఒక వరసలో సందులు, పైకప్పులో ఒక కిటికీ వదిలితే వేడిగాలి పైకి పోతూ చల్లగాలిని కిందనుంచి లాక్కుంటుంది. ఫ్యాను పెట్టాలనుకుంటే ఒక చిత్రం చూడండి: చిన్న ఫ్యాను 40 మిల్లీమీటర్లు, అంటే అయిదు బొడిపెలు. 80 అయితే పది, 120 అయితే పదిహేను. ఎవరు ఎవరిని చూసి కొలత పెట్టారని కాదు, లెక్క అలా కలిసింది అంతే.

ఒక్క చోట మాత్రం మొహమాటం లేకుండా చెప్పాలి. 230 వోల్టుల కరెంటు ఈ పెట్టెలోకి రాకూడదు. మామూలు కంప్యూటర్‌కు కరెంటు మార్చి ఇచ్చే ఎస్‌ఎంపీఎస్‌కు ఇనప తొడుగు ఊరికే వెయ్యలేదు. లోపల తీగ జారి తొడుగును తాకితే కరెంటు ఎర్త్‌లోకి పోయి ఫ్యూజు ఎగిరిపోవడానికది. దాన్ని విప్పి లెగోలో సర్దడం పిచ్చి పని. స్విచ్ కట్టేసిన తర్వాతా లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు నిలవ ఉంటుంది. అడాప్టరు బయటే ఉండాలి, లోపలికి 5 వోల్టుల తీగ ఒక్కటే రావాలి.

2019లో పై నాలుగో రకం వచ్చినప్పుడు నెట్ కేబుల్ సాకెట్టూ యూఎస్‌బీ సాకెట్లూ చోట్లు మార్చుకున్నాయి. మూడో రకానికి డబ్బులు పోసి కొన్న పెట్టెలు దానికి పనికిరాలేదు. ఇటుకల పెట్టె ఉన్నవాళ్లు ఆ వైపు గోడలో నాలుగు ఇటుకలు పీకి అటూ ఇటూ మార్చుకున్నారు.