‘కాపురం’ అన్న మాటలో దాగినది: లైంగిక శిక్షణ స్వరూపం

సెక్స్ కోచింగ్ శారీరక పరీక్ష కాదు, ఔషధ చికిత్సా కాదు. దంపతులతో సంభాషించి, అపోహలు తొలగించి, ఇంటివద్ద చేయదగిన అభ్యాసాలు సూచించే వృత్తి. 1976లో జాక్ ఆనన్ ప్రతిపాదించిన నాలుగు మెట్లు దీని పరిధిని తెలుపుతాయి: మాట్లాడే అనుమతి, పరిమిత సమాచారం, నిర్దిష్ట సూచన, గాఢ చికిత్స. చివరిది చికిత్సకులది.

తెలుగునాట తొలి రెండు మెట్ల పనిని విజయవాడ వైద్యుడు డా. జి. సమరం ప్రశ్నోత్తర శీర్షికలు చేశాయి. అయితే అచ్చులోని జవాబు ఎదురు ప్రశ్న వేయలేదు. శిక్షకుని పని అక్కడే మొదలవుతుంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప పల్లెల్లో ‘కాపురం సరిగా లేదు’ అంటే గొడవా, అయిష్టమా, నొప్పా, అశక్తతా అన్నది తేలదు. ఎవరికి, ఎప్పటినుండి అని అడిగి ఆ మాటను విడదీయాలి. ఒక్కొక్కసారి బాధకు మూలం వీర్యనష్ట భయమే కావచ్చు. మనోవైద్యుడు ఎన్.ఎన్. విగ్ 1960లో దానికి ‘ధాత్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. గోడల మీది ‘నరాల బలహీనత’ ప్రకటనలు బతికేది ఆ భయం మీదనే.

మూడవ మెట్టుకు ఉదాహరణ మాస్టర్స్, జాన్సన్ 1970లో వివరించిన పద్ధతి. దంపతులు కొంతకాలం సంభోగం మాని స్పర్శకే పరిమితమవుతారు; విఫలమవుతామేమోనన్న బెదురు క్రమంగా తగ్గుతుంది. నొప్పి, రక్తస్రావం, మధుమేహం ఉన్నవారిని మాత్రం శిక్షకుడు ముందుగా వైద్యుని వద్దకే పంపాలి.