షాక్స్ గట్టిగా ఉంటే కారు బాగున్నట్టేనా? అడ్జస్టబుల్ షాక్ అబ్జార్బర్ల అసలు సంగతి

ఈ రోజు ఎపిసోడ్ నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను. మీరు అదే తప్పు చేయకూడదని.

నా దగ్గర ఒక సెకండ్ హ్యాండ్ టర్బో హ్యాచ్‌బ్యాక్ ఉంది. అసలు సిసలు స్పోర్ట్స్ కారు కాదు కానీ, మన బెజవాడ కుర్రాళ్ల జేబుకి అందే స్పోర్ట్స్ కారు అదే. 80 వేల కిలోమీటర్లు దాటాక షాక్స్ నుంచి ఆయిల్ కారడం మొదలైంది. వెనక టైర్లు అలలు అలలుగా అరిగాయి. ఎలాగూ మార్చాలి కదా అని, నాబ్ తిప్పి గట్టిదనం మార్చుకునే షాక్స్ వేయించాను. ఆ రోజే నాలుగు నాబ్‌లూ ఫుల్ హార్డ్‌కి తిప్పేశాను. గట్టిగా ఉంటే రేసు కారే అని నా లెక్క.

వారం తిరక్కుండానే, వానలో అమ్మని తీసుకుని ఉయ్యూరు అవతల చుట్టాలింటికి బయల్దేరాను. హైవే మీద బ్రహ్మాండంగా పోయింది. కాలువ గట్టు రోడ్డు ఎక్కాక కథ మారింది. ఒక కల్వర్టు ముందు వరసగా మూడు ఎత్తుపల్లాలు. స్పీడు 50 కూడా లేదు. బ్రేక్ మీద కాలు పెట్టేసరికి కారు వెనక భాగం గెంతి కాలువ వైపు జరిగింది. అంచుకి జానెడు దూరంలో ఆగాం. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఒరేయ్ నాన్నా, డబ్బులు పెట్టి మరీ పాడు చేయించావా?" అంది.

మర్నాడు పొద్దున్నే జవహర్ ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్ బాబాయ్ దగ్గరికి వెళ్లాను. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, "షాక్స్ బానే ఉన్నాయ్ రా అబ్బాయ్. నువ్వే బాలేవు" అన్నాడు.

ఆయన చెప్పిందే మీకు చెప్తాను. కారు బరువు మోసేది స్ప్రింగ్. షాక్ పని ఆ స్ప్రింగ్ ఊగుడుని ఆపడం. లోపల పిస్టన్ కదిలినప్పుడు ఆయిల్ సన్నటి దారుల్లోంచి దూరాలి. ఆ రాపిడిలో ఊగుడు కాస్తా వేడిగా మారిపోతుంది. అడ్జస్టబుల్ షాక్‌లో నాబ్ తిప్పితే ఆయిల్ దారి సన్నబడుతుంది లేదా వెడల్పవుతుంది. అంతే మ్యాజిక్.

చక్రం పైకి లేవడం బంప్, మళ్లీ కిందికి దిగడం రీబౌండ్. ఒక్క నాబ్ ఉండే చాలా కిట్లలో అది ముఖ్యంగా రీబౌండ్‌నే మారుస్తుంది. రీబౌండ్ మరీ గట్టిగా పెడితే, మొదటి గుంత తర్వాత చక్రం పూర్తిగా కిందికి దిగకముందే రెండో గుంత వచ్చేస్తుంది. మూడోదానికి సస్పెన్షన్‌లో కదలడానికి చోటే ఉండదు. చక్రం రోడ్డు వదిలేస్తుంది. రోడ్డుని తాకని టైరుకి బ్రేకూ లేదు, గ్రిప్పూ లేదు. నాకు జరిగింది అదే.

మన డెల్టాలో ఇది ఇంకా ముఖ్యం. ఇక్కడ చాలాచోట్ల నల్లమట్టి. వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. పైన తారు ఎంత నున్నగా వేసినా కొన్నాళ్లకి అలలు తేలుతుంది. కల్వర్టు కదలదు, దాని పక్క మట్టి దిగుతుంది. అందుకే ప్రతి కల్వర్టు దగ్గరా ఆ గెంతు.

ఇక కొనేటప్పుడు. ట్విన్ ట్యూబ్ షాక్ చవక, మెత్తన. ఎక్కువసేపు కష్టపడితే లోపల ఆయిల్ నురగ కట్టి పట్టు తగ్గొచ్చు. మోనోట్యూబ్‌లో గట్టి ప్రెషర్‌తో నైట్రోజన్ గ్యాస్ విడిగా ఉంటుంది, కాబట్టి నురగ తక్కువ, వేడి త్వరగా బయటికి పోతుంది. జర్మనీ బిల్‌స్టీన్ కంపెనీ 1950లలోనే వీటిని మామూలు కార్లలోకి తెచ్చింది. స్వీడన్ ఓలిన్స్ 1976లో మొదలైంది. ఇవి ఖరీదైనవి. రోజూ ఆఫీసుకి తిరిగే కారుకి కంపెనీ స్పెసిఫికేషన్ ఉన్న మామూలు కొత్త షాక్స్ వేసినా తేడా బాగా తెలుస్తుంది.

మార్చేటప్పుడు నాలుగు జాగ్రత్తలు. ఒకటి, ఎప్పుడూ జతగా మార్చండి, ముందు రెండూ లేదా వెనక రెండూ. రెండు, టాప్ మౌంట్, బంప్ స్టాప్, డస్ట్ కవర్ కూడా చూడండి. పాతవి పెడితే కొత్త షాక్ త్వరగా పోతుంది. మూడు, రబ్బరు బుష్‌ల బోల్టులు కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే ఫైనల్‌గా బిగించాలి. జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే బుష్ మెలితిరిగి చిరుగుతుంది. నాలుగు, చివర్లో వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. అన్నట్టు, స్ప్రింగ్ కంప్రెసర్ పని ఇంట్లో చేయకండి. నొక్కి పెట్టిన స్ప్రింగ్ జారిందంటే ప్రాణం మీదకి వస్తుంది.

సెట్టింగ్ ఎలా? నాబ్‌ని ఫుల్ హార్డ్‌కి తిప్పి, అక్కణ్ణుంచి ఎన్ని క్లిక్‌లు వెనక్కి వచ్చారో లెక్కపెట్టి ఫోన్‌లో రాసుకోండి. ఎడమ, కుడి ఒకేలా ఉండాలి. మధ్యలో మొదలుపెట్టి, ఒకసారికి ఒకటి రెండు క్లిక్‌లు మాత్రమే మార్చి, మీరు రోజూ తిరిగే రోడ్డు మీదే నెమ్మదిగా చూడండి.

ఇంకో మాట. ఎత్తు తగ్గించే కాయిలోవర్లు వేరే వ్యవహారం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మార్పుల మీద పరిమితులు పెట్టింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా, కంపెనీ అసలు స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని చెప్పింది. అలాంటివి వేసే ముందు ఆర్టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర అడిగి తెలుసుకోండి.

బాబాయ్ నా కారు వెనక నాబ్‌లు సగానికి పైగా వెనక్కి తిప్పాడు. ఆదివారం అదే గట్టు మీద, అదే కల్వర్టు దాటాను. ఈసారి నాలుగు చక్రాలూ రోడ్డు మీదే ఉన్నాయి. వెనక సీట్లో అమ్మ నిద్రపోయింది. అంతకంటే మంచి టెస్ట్ రిపోర్ట్ నాకు అక్కర్లేదు.

వచ్చే ఎపిసోడ్‌లో టైర్ల గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా జాగ్రత్తగా నడపండి, ఉంటాను.